30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆగిపోతోందా? బ్యాటరీ మార్పించే ముందు ఇవి చూసుకోండి

మిర్చి సీజన్‌లో మా బాపు (నాన్న) వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తీసుకెళ్లాడు. కాంటా అయింది, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతికొచ్చింది. ఇంటికి చెబుదామని జేబులోంచి ఫోన్ తీస్తే 34 శాతం ఉంది. నంబర్ నొక్కగానే స్క్రీన్ నల్లబడి ఆగిపోయింది. సాయంత్రం దాకా ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. రాత్రి వచ్చి, "ఇగ ఈ ఫోన్ పనికిరాదు బిడ్డా, కొత్తది కొందాం" అన్నాడు.

ఆ ఫోన్ కొని నాలుగేళ్లయింది. డిస్‌ప్లే బాగుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, మనవరాలి చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పాడైంది ఒక్క బ్యాటరీ. దాని కోసం మొత్తం ఫోన్‌నే పడేయడానికి నాకు మనసొప్పలేదు. కాకపోతే బ్యాటరీ కోసం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటిసారి అడగాల్సినవి అడగలేదు. మీకు ఆ రెండో తిరుగుడు ఉండకూడదనే ఇది రాస్తున్నాను.

సమస్య: శాతం ఉండగానే ఆగిపోతుంది, ఛార్జర్ పెట్టగానే మళ్లీ 30 చూపిస్తుంది

ఇది దాదాపుగా బ్యాటరీ సమస్యే. ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. అది పాతబడేకొద్దీ రెండు మార్పులు జరుగుతాయి. పట్టే ఛార్జ్ తగ్గుతుంది, లోపలి నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. మనం మొదటిదాన్నే గమనిస్తాం, ఫోన్‌ను ఉన్నట్టుండి ఆపేసేది మాత్రం రెండోదే. కెమెరా తెరిచినప్పుడు, కాల్ కలిసేటప్పుడు, సిగ్నల్ కోసం వెతికేటప్పుడు ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధకత పెరిగిన బ్యాటరీ వోల్టేజీ ఆ క్షణంలో పడిపోతుంది, ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. లోడు పోగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, అందుకే ఛార్జర్ పెడితే అదే శాతం కనిపిస్తుంది.

ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ హెల్త్‌లో గరిష్ఠ సామర్థ్యం ఎంతుందో చూడండి. 80 కంటే తగ్గితే మార్చే సమయం వచ్చినట్టే. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుపుకునేలా చేసినవని, 15 నుంచి అది 1000 సైకిళ్లని ఆపిల్ చెబుతుంది. సైకిల్ అంటే ఒకసారి ఛార్జర్ పెట్టడం కాదు. ఈరోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. రోజుకొకటి చొప్పున అయితే 500 సైకిళ్లకు ఏడాదిన్నర కూడా పట్టదు. శాంసంగ్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నోస్టిక్స్‌లో బ్యాటరీ స్థితి చూడవచ్చు. అలాంటిదేమీ లేని ఫోన్‌కు, పైన చెప్పిన లక్షణమే చాలినంత సాక్ష్యం.

సమస్య: ఆగిపోదు గానీ ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది

ఇక్కడ తొందరపడి బ్యాటరీకి డబ్బు పెట్టకండి. ముందు సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీని ఖాళీ చేస్తుంది. పొలంలో ఒకలా, హన్మకొండలో ఒకలా దిగుతోందంటే కారణం అదే కావచ్చు. తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రాత్రి పూర్తిగా ఛార్జ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పడుకోండి. పొద్దున్నకు రెండు మూడు శాతమే దిగితే తప్పు యాప్‌లది, నెట్‌వర్క్‌ది. ఫ్లైట్ మోడ్‌లోనూ ఇరవై శాతం దిగితే బ్యాటరీనో, ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డునో అనుమానించాలి.

సమస్య: ఛార్జింగ్ ఎక్కదు, వైరు కదిలిస్తేనే ఎక్కుతుంది

వేరే కేబుల్, వేరే అడాప్టర్‌తో చూడండి. అప్పటికీ అంతే అయితే ఛార్జింగ్ పిన్ గుంటలోకి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూలు, పత్తి దుమ్ము అక్కడ గట్టిగా అణిగిపోయి ఉంటాయి. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది పెట్టవద్దు.

సమస్య: వెనక ప్యానెల్ లేచింది, లేదా డిస్‌ప్లే అంచు పైకొచ్చింది

బ్యాటరీ ఉబ్బింది. లోపలి రసాయనం విడిపోయి గ్యాస్ చేరితే ఇలా అవుతుంది. ఇక ఆరోజు నుంచి ఛార్జ్ చేయకండి. ప్యానెల్‌ను నొక్కి మూయాలని చూడకండి, గుచ్చి గాలి తీయాలని అసలే అనుకోకండి. గుచ్చితే మంటలు లేస్తాయి. ఫోన్ ఆఫ్ చేసి, ఎండకూ పిల్లలకూ దూరంగా పెట్టి, వీలైనంత త్వరగా షాపుకు తీసుకెళ్లండి.

మన దగ్గర ఈ సమస్యలన్నిటినీ పెంచేది ఎండ. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 దాటే రోజులుంటాయి. ఆటో అద్దం దగ్గర మ్యాప్ పెట్టుకుని, ఎండ మీద పడుతుండగా ఛార్జ్ చేస్తూ నడిపేవాళ్ల బ్యాటరీలు త్వరగా ముసలివవుతాయి. వేడెక్కిన ఫోన్‌ను నీడలో పెట్టండి చాలు. ఫ్రిజ్‌లో పెడితే లోపల తేమ చేరుతుంది.

మార్పించడం

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రేటు, బ్యాటరీ స్టాకులో ఉందో లేదో అడగండి. ఉంటే అక్కడే వేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. పాత మోడల్ కాబట్టి లేదంటే బయటి షాపే గతి. వరంగల్‌లో మంచి పనివాళ్లు ఉన్నారు, అడగడం మనకు తెలియాలి.

నేను మొదట వెళ్లిన షాపులో, "ఇది మీ దాంట్లో ఉన్నదానికంటే పెద్దది అన్నా, 6000 ఎంఏహెచ్, రెండు రోజులు వస్తది" అన్నారు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత. బాపు ఫోన్ అసలు బ్యాటరీ 4000. అదే కొలత, అదే మందంలో ఒకటిన్నర రెట్లు ఎలా పడుతుందని నేను అడగలేదు. నాలుగు నెలలకు అది ఉబ్బింది. లేబుల్ మీద కంపెనీ చెప్పిన అంకెకంటే చాలా ఎక్కువ రాసి ఉంటే ఆ బ్యాటరీ వద్దు.

రెండోసారి వెళ్లినప్పుడు బ్యాటరీని చేతిలోకి తీసుకుని చూశాను. మోడల్ నంబర్ పాతదానితో సరిపోవాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. తయారీ తేదీ ఉంటే చూడండి, రెండు మూడేళ్లుగా డబ్బాలో పడి ఉన్న బ్యాటరీ వాడకుండానే పాతబడుతుంది. బిల్లు మీద ఎన్ని నెలల వారంటీయో రాయించుకోండి. నా మొదటి షాపులో బిల్లు లేదు, అందుకే ఉబ్బినప్పుడు అడిగే హక్కూ లేకుండా పోయింది. బిల్లు ఉండి కూడా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇచ్చే ముందు ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకోండి, సిమ్ తీసేయండి. బ్యాటరీ మార్చడానికి స్క్రీన్ లాక్ నంబర్ అవసరం లేదు, అడిగినా చెప్పకండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ (రిపేరు చేసేవాళ్లకు మీ ఫొటోలు, మెసేజ్‌లు కనిపించకుండా దాచేది) ఉంటే ఆన్ చేసి ఇవ్వండి. ఛార్జ్ 25 శాతం లోపు ఉంచుకుని వెళ్లండి, విప్పేటప్పుడు పొరపాటున దెబ్బ తగిలినా ప్రమాదం తక్కువ.

వీలైతే ఎదురుగా కూర్చోండి. వెనక ప్యానెల్‌ను వేడి చేసి గమ్ మెత్తబడ్డాక తెరవాలి, ముందుగా కనెక్టర్ విప్పాలి, బ్యాటరీని లోహపు పనిముట్టుతో కింద నుంచి ఎత్తకూడదు. మూసేటప్పుడు కొత్త గమ్ వేయమనండి. ఎంత బాగా మూసినా, వాటర్‌ప్రూఫ్ అని కొన్న ఫోన్‌ను ఇక వానలో ముందులా నమ్మకూడదు. ఐఫోన్ ఎక్స్ఎస్, ఆ తర్వాతి మోడళ్లలో బయటి బ్యాటరీ వేస్తే సెట్టింగ్స్‌లో హెచ్చరిక కనిపిస్తుంది. ఫోన్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి దానికి బెదరక్కర్లేదు.

మార్చాక కూడా బాగుపడకపోతే

మొదటి రెండు మూడు రోజులు శాతం అటూఇటూ దూకవచ్చు. ఒకసారి బాగా దిగేదాకా వాడి, ఆపకుండా వంద దాకా ఎక్కిస్తే లెక్క కుదురుకుంటుంది. ప్రతిసారీ అలా చేయవద్దు, అది బ్యాటరీకే దెబ్బ. పక్కన ఊరికే పెట్టినా వేడెక్కుతూ దిగిపోతుంటే బోర్డులో కరెంటు లీకేజీ ఉన్నట్టు. ఇంకో బ్యాటరీ వేసి లాభం లేదు, బోర్డు చూపించండి.

పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకండి, బండిలో నలిగితే అంటుకుంటుంది. టర్మినళ్ల (కరెంటు వచ్చే లోహపు కొనల) మీద టేపు అతికించి, ఈ-వేస్ట్ తీసుకునే చోట గానీ సర్వీస్ సెంటర్‌లో గానీ ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. బాపు ఫోన్‌లోంచి తీసిన ఉబ్బిన బ్యాటరీని నేను అలాగే టేపు వేసి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి తీసుకెళ్లి ఇచ్చాను.