రోహిణి కార్తె దాటకముందే తుపాకీకి ఒక పూట కేటాయించండి

మృగశిర కార్తె ప్రవేశించిందంటే మన తీరంలో గాలి బరువెక్కుతుంది. కవిటి, సోంపేట, సంతబొమ్మాళి వైపు ఇళ్లలో గేటు గొళ్లేలు ఒక్క వానాకాలంలోనే ఎర్రబడటం అందరూ చూసేదే. అదే ఉప్పుగాలి బ్యాంకు గుమ్మం దగ్గర కాపలావాడి భుజాన ఉన్న తుపాకీ గొట్టాల్లోకీ దూరుతుంది. గొళ్లెం తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. గొట్టం లోపలి తుప్పు కనిపించదు.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి ఇంటికి వచ్చినవాడిని. ఆయుధాలు విప్పడం, తుడవడం, లోపం పట్టుకోవడం, సరిచేసి తిరిగి ఇవ్వడం, ఇదే నా ఉద్యోగం. సైన్యం నుంచి రిటైరై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకుల దగ్గర, నగదు బండ్ల మీద కాపలా పనిలో చేరిన తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాటలు ముందుగా వాళ్ల కోసం. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు కూడా పనికొస్తాయి. రోహిణి ఎండలు ఉండగానే, గాలిలో తడి చేరకముందే, ఒక పూట కూర్చుని ఈ పని ముగించండి.

ఆయుధం పేలి ఎవరికో తగిలిందన్న కబురు వచ్చినప్పుడల్లా దాని వెనుక ఒకే మాట విన్నాను. ‘ఖాళీ అనుకున్నాను.’ తుడిచేటప్పుడు, దించేటప్పుడు, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారేటప్పుడు ఈ మాట ప్రాణం తీస్తుంది. సైన్యంలో మందుగుండు గోదాముల్లో ఇచ్చే పనిముట్లన్నీ ఆ ‘అనుకున్నాను’కు చోటు లేకుండా చేయడానికే. గోదాము గుమ్మం దగ్గర రాగి పలక ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతివాడూ దాన్ని అరచేత్తో తాకాలి, ఒంట్లో పేరుకున్న స్థిర విద్యుత్తు భూమిలోకి దిగిపోతుంది. పెట్టెలు తెరిచే సుత్తి, ఉలి ఇనుపవి కావు, రాగి కలిసిన మిశ్రలోహాలతో చేసినవి. వాటితో కొడితే నిప్పురవ్వ లేవదు. మనిషి ఎంత నెమ్మదస్తుడైనా జాగ్రత్తను అతని జ్ఞాపకానికి వదలరు, పనిముట్టుకు అప్పజెబుతారు. 2000 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మందుగుండు డిపో తగలబడింది. నిప్పు మొదట అంటుకున్నది ఎండుగడ్డికి. గడ్డి కోసే యంత్రం కూడా ఆయుధ సంరక్షణ సామగ్రే అని అప్పటి నుంచి నా నమ్మకం.

ఇక మన చేతిలో ఉన్న 12 బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ సంగతి. సైన్యంలో ఇన్సాస్ రైఫిల్ చూసుకున్న చేతులకు ఇది చిన్న పనిగా అనిపిస్తుంది, అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఇన్సాస్ గొట్టం లోపలి కొలత 5.56 మిల్లీమీటర్లు. 12 బోరు గొట్టం దాదాపు 18.5. అక్కడ అలవాటైన పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగి తుడిచే) తాడు, 4 అంగుళాల పొడవు 2 అంగుళాల వెడల్పు చిందీ గుడ్డముక్క ఇక్కడ గొట్టం గోడలను సరిగా తాకనైనా తాకవు. తాడు ఇటు నుంచి అటు వచ్చింది కాబట్టి శుభ్రమైపోయిందని సంతృప్తి పడతాం, తుప్పు మాత్రం గోడకే ఉంటుంది. 12 బోరుకు దాని కొలతకు సరిపోయే తుడిచే కడ్డీ వేరే ఉంది. కర్రదో, ప్లాస్టిక్ పూత ఉన్నదో తీసుకోండి. కొసకు బిగించే ఇత్తడి తీగ బ్రష్, గుడ్డ పట్టే కొస, నూనె రాసే ఉన్ని కుచ్చు, ఈ మూడూ దానితో రావాలి. ఉక్కు తీగ బ్రష్ చవకగా దొరికినా ఇంటికి తేకండి, అది గొట్టం లోపల గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే తడి దాక్కుంటుంది.

కడ్డీ కన్నా ముందు కావలసిన పనిముట్టు ఇంకొకటి ఉంది. దాని ఖరీదు చాలా తక్కువ. భావనపాడులోనో కళింగపట్నంలోనో వలల సామాను అమ్మే కొట్టుకు వెళ్లి పెన్సిలంత లావు నారింజ రంగు నైలాన్ తాడు రెండు మీటర్లకు కాస్త ఎక్కువే కొనండి. తుపాకీ విరిచి, అంటే కీలు దగ్గర వంచి గొట్టాల వెనుక వైపు తెరిచి, రెండు తూటాలూ తీసి, తూటాలు కూర్చునే రెండు గదుల్లోనూ కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, ఆ తర్వాత తాడును ఎడమ గొట్టంలో వెనుక నుంచి దూర్చి మూతి దగ్గర బయటికి లాగండి. అక్కడి నుంచి కుడి గొట్టంలోకి తిప్పి వెనక్కి తెచ్చి ముడి వేయండి. ఇప్పుడు తుపాకీ మూతపడదు. గొట్టంలో తూటా ఉండే అవకాశమే లేదు. పది అడుగుల దూరం నుంచి చూసినవాడికి కూడా అది ఖాళీ అని రంగు చెబుతుంది. షిఫ్టు మారేటప్పుడు, బాగుచేయించడానికి బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్లేటప్పుడు, ఇంట్లో అందరి ముందూ సంచి విప్పాల్సి వచ్చినప్పుడు ఆ తాడు ఉండాలి. చాలా రోజులు దాచిపెట్టేటప్పుడు మాత్రం తీసేయండి. తాడు తాకినచోట నూనె చెదిరి ఇనుము బయటపడుతుంది.

తూటాలు తీసేటప్పుడు గొట్టం ఎటు చూస్తోంది? గచ్చు వైపు అంటారు చాలామంది. గచ్చు మీద పడిన గుండ్లు తిరిగి లేచి మోకాళ్లకు తగులుతాయి. అడుగున్నరకు తగ్గని లోతున్న పెట్టెలో పొడి ఇసుక నింపి ఒక మూలన పెట్టండి. బ్యాంకులో మంటలార్పడానికి పెట్టిన ఎర్ర బకెట్‌ను ఇందుకు వాడకండి. తీసిన తూటాలను లెక్కపెట్టి, కాగితం మీద రాసి, వేరే గదిలో మరొకరి దగ్గర పెట్టాకే కడ్డీ చేతిలోకి తీసుకోండి. తుడిచే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. తమ్ముడి బల్ల మీద తూటా కనిపిస్తే పని ఆపించేస్తాను.

ఒకసారి జూన్ మొదటి వారంలో టెక్కలి వైపు ఒక బ్యాంకు శాఖలో కాపలాగా ఉన్న తమ్ముడు పిలిచాడు. తుపాకీ వేసవి అంతా పెట్టెలో ఉంది, ఒకసారి చూసి పెట్టమన్నాడు. ‘తుడిచే పెట్టాను అన్నయ్యా, ఖాళీయే’ అన్నాడు. విరిచి, మూతి వైపు తెల్ల కాగితం పట్టుకుని వెనుక నుంచి చూశాను. కుడి గొట్టంలో వెలుగు గుండ్రంగా, అద్దంలా ఉంది. ఎడమ గొట్టం చీకటి. కడ్డీ మెల్లగా దూరిస్తే మధ్యలో ఆగింది. మూతి వైపు నుంచి కాస్త నెట్టేసరికి బల్ల మీద మట్టి రాలింది. వేలెడు పొడవున ఎండిన మట్టి గూడు. చితికిన గదుల్లోంచి ముడుచుకుపోయిన సాలీళ్లు ఏడెనిమిది దొర్లాయి. మట్టితో గూడు కట్టే కందిరీగ పిల్లల తిండి కోసం దాచుకున్నవి. ఆ గొట్టంలో తూటా పేలి ఉంటే ముందుకు పోలేని వాయువు గొట్టాన్నే చీల్చేది. గొట్టాన్ని పట్టుకుని ఉండేది ఎడమ చెయ్యి. ఆ తమ్ముడు చాలాసేపు తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

అందుకే కాగితం, వెలుగు, కడ్డీ ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి. ఫోనుకు తగిలించే సన్నని పాము కెమెరాలు ఇప్పుడు చవకగానే వస్తున్నాయి. గొట్టం లోపలి గుంటలు, తుప్పు మచ్చలు ఫోను తెర మీద పెద్దవిగా చూపిస్తాయి. నలుగురు కాపలావాళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. ఏ పనిముట్టు ఉన్నా, లేకపోయినా, గొట్టం మూతిలోకి కన్ను పెట్టి చూడటం ఎన్నడూ వద్దు. చూసేది ఎప్పుడూ విరిచిన వెనుక వైపు నుంచే.

తుడవడం కూడా వెనుక నుంచి మూతి వైపే. మురికి యంత్రంలోకి రాకుండా బయటికి పోవాలి. తుడవడానికి పాత పుల్‌త్రూ తాడు వాడుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. దారాలు లేచిన తాడు గొట్టం మధ్యలో తెగి గుడ్డతో సహా ఇరుక్కుంటే, దాన్ని తూటాతో బయటికి కొడదామన్న ఆలోచన రానే కూడదు. తుపాకీని అలాగే విరిచి ఉంచి లైసెన్సు ఉన్న తుపాకుల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాలి. స్ప్రింగులు, ట్రిగ్గర్ లోపలి భాగాలు కూడా అతని పనే, మన స్క్రూడ్రైవర్ పని కాదు. చేతులకు పల్చని రబ్బరు తొడుగులు వేసుకోండి. నల్లటి మురికిలో సీసం ఉంటుంది. తొడుగులు లేకపోతే పని అయ్యాక సబ్బుతో రెండుసార్లు కడుక్కునేదాకా ఏమీ తినకూడదు. వంటింట్లో, పిల్లలు తిరిగే వసారాలో ఈ పని వద్దు.

నూనె దగ్గర మనవాళ్ల చెయ్యి ఊరికే ఉండదు. ఉద్దానంలో కొబ్బరి నూనెకు కరువు లేదు కాబట్టి అదే రాసేస్తారు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున అది మీగడలా పేరుకుని స్ప్రింగు కదలికను ఆపుతుంది. పాతబడితే జిగురవుతుంది. కిరోసిన్ మురికిని వదిలిస్తుంది గానీ ఉన్న నూనెను కూడా తీసుకుపోయి ఇనుమును బోడిగా వదిలేస్తుంది. ఆయుధాలకని అమ్మే పల్చని ఖనిజ నూనె ఒక చిన్న సీసా కొంటే ఏడాది వస్తుంది. గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి లోపలా బయటా పొరలా రాయాలి. కారేటట్టు పోస్తే అది తూటాను కొట్టే సూదుల రంధ్రాల గుండా తూటా వెనుక నిప్పు పుట్టించే టోపీలోకి దిగి మందును చంపేస్తుంది. కాల్చే ముందు గొట్టాలను మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి.

దాచే చోటు సంగతికి వస్తే, తోలు సంచి, కాన్వాసు సంచి రెండూ మోసుకెళ్లడానికే. వానాకాలంలో అవి తడిని పీల్చి ఇనుముకు అంటిస్తాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు త్వరగా పడుతుంది. మన తీరంలో శ్రావణ భాద్రపదాల్లో 80 దాటడం మామూలే. చెక్క లేదా ఇనుప బీరువాలో నిలువుగా, గోడకు ఆనకుండా పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. రంగు మారే గింజలైతే తడి పీల్చుకున్న సంగతి వాటంతట అవే చెబుతాయి. నీలం రంగువి గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని పెనం మీద సన్నని సెగన ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు, కానీ ఆ పెనం వేరుగా ఉండాలి, రొట్టెలు కాల్చేది కాకూడదు. నీలం గింజలకు వేసే రంగు కడుపులోకి వెళ్తే విషం. బ్యాంకుల్లో తుపాకీ బీరువాను ఇన్వర్టర్ బ్యాటరీల గదిలో పెట్టడం నేను చాలాచోట్ల చూశాను. ఆ ఆమ్లపు ఆవిరి ఉప్పుగాలి కంటే వేగంగా ఇనుమును తింటుంది. మేనేజరు గారితో మాట్లాడి బీరువా మార్పించండి.

డమ్మీ తూటాలు, స్నాప్ క్యాప్ అని అడిగితే ఇస్తారు, ఒక జత దగ్గర పెట్టుకోండి. ట్రిగ్గర్ సరిగా పడుతోందో లేదో చూడటానికి, స్ప్రింగు బిగువు దించడానికి నిజం తూటా అవసరం లేకుండా పోతుంది. ఖాళీగా కొడితే సూదులు విరిగే ప్రమాదమూ తప్పుతుంది.

తూటాల్లో ఒక మోసం ఉంది. పాత తుపాకీల గది పొడవు 65 మిల్లీమీటర్లు, కొత్తవాటిది 70. తూటా పొడవు చెప్పేది పేలాక విచ్చుకున్న కొలతను. కాబట్టి 70 తూటా 65 గదిలో చక్కగా కూర్చుంటుంది, మూత కూడా పడుతుంది. పేలినప్పుడు మాత్రం నోరు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం కింద చెక్కిన అంకె చూడండి. తాతల నాటి తుపాకీ అయితే మేస్త్రీతో గది కొలిపించండి. పెట్టె మీద ఆ అంకె ఉన్న తూటాలే కొనండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే విరవకండి. గొట్టం ఇసుక వైపే ఉంచి నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

ఆశ్వయుజ మాసం మన జిల్లాకు వేరే పరీక్ష. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో అదే రోజున హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కొవ్వొత్తి, లాంతరు వెలుగులో తుపాకీ తుడవడానికి కూర్చోకండి. నూనె, గుడ్డ, మంట ఒక బల్ల మీద ఉండకూడదు, చీకట్లో గదిలో తూటా మిగిలిందో లేదో కూడా తెలియదు. తుపాను కబురు వచ్చిన రోజే నూనె పూసి, నారింజ తాడు ముడి వేసి, లైసెన్సు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎత్తైన చోట బీరువాలో తాళం వేయండి. ఊరు ఖాళీ చేయాల్సి వస్తే పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవచ్చు. ఆయుధ చట్టం అందుకు వీలిస్తుంది.

అప్పటికీ నీళ్లలో మునిగితే, ఉప్పునీరు అయినా వరదనీరు అయినా, ముందు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, మేస్త్రీ చూసేదాకా తూటా వేయకండి. ఎండలో పెట్టండి, పొయ్యి దగ్గర వద్దు. తడిసిన తూటాలను మాత్రం ఆరబెట్టే ప్రయత్నమే చేయకండి. బావిలోనో చెరువులోనో పారేయకండి. లెక్కపెట్టి, తడి డబ్బాను అలాగే స్టేషన్‌కు తీసుకెళ్లి అప్పగించి, లైసెన్సు పుస్తకంలో ఆ సంఖ్య రాయించుకోండి.

వరద తగ్గాక ఇసుకలోనో గట్టు కిందో తుప్పు పట్టిన గుండులాంటిది, తీగలు వేలాడే డబ్బా లాంటిది కనిపిస్తే, నాలాంటి ఆర్మరర్ కూడా దాన్ని ముట్టుకోడు. కర్రతో పొడవకుండా, బరువు చూడకుండా, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి, దాన్ని తాకకుండా దూరంగా నలువైపులా తాడు కట్టి 112కు ఫోను చేయండి. అవసరమైతే దూరంగా మరొకరిని నిలబెట్టి, పోలీసులు వచ్చేదాకా ఎవరూ దగ్గరికి రాకుండా చూడండి.