ఔట్‌బ్యాక్‌కు బండి ఎంపిక – మూడో పాఠం: ముందు బరువు, తర్వాతే బ్రాండు

గత పాఠం చివర ఔట్‌బ్యాక్‌లో, అంటే ఆస్ట్రేలియా లోపలి మారుమూల ప్రాంతాల్లో, మీరు వెళ్ళబోయే దారిని కాగితం మీద పెట్టమన్నాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, మధ్యలో ఇంధనం దొరకని అతి పొడవైన భాగం ఎంత, ఎన్ని రాత్రులు బయట పడుకోవాలి అన్నవి అందులో ఉండాలి. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. అది లేకుండా బండి గురించి మాట్లాడుకుంటే షోరూము కబుర్లే మిగులుతాయి.

మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్ నగరాల్లోని మన తెలుగు కుటుంబాలు ఎడారి ప్రయాణం అనుకోగానే మొదట అడిగేది, “ఏ కంపెనీ బండిని నమ్మవచ్చు?” అని. అది మూడో ప్రశ్న కావాలి. మొదటిది, ఆ బండి మీద మీరు ఎంత బరువు వేయబోతున్నారు? రెండోది, అది ఆగిపోయిన చోట దాన్ని బాగుచేయగల మనిషి, విడిభాగం ఎంత దూరంలో ఉన్నాయి? ఈ రెండింటికీ జవాబు దొరికాక కంపెనీ పేరు దాదాపు దానంతటదే తేలుతుంది.

ఆస్ట్రేలియా మారుమూల దారుల్లో బండ్లను ఎక్కువగా దెబ్బతీసేవి వాగులూ కొండలూ కావు. గట్టి మట్టి రోడ్డు మీద అడ్డంగా వరుసగా లేచే ముడతలు. వాయవ్య ఆస్ట్రేలియాలోని కింబర్లీలో గిబ్ రివర్ రోడ్డు దాదాపు 660 కిలోమీటర్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని లావర్టన్ నుంచి మధ్య ఆస్ట్రేలియాలోని యులారా వెళ్ళే గ్రేట్ సెంట్రల్ రోడ్డు దాదాపు 1,100 కిలోమీటర్లు. ఇలాంటి దారుల మీద బండి గంటల తరబడి వణుకుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్లలోని నూనె వేడెక్కి అవి పట్టు వదిలేస్తాయి, బ్యాటరీ ట్రేలు పగులుతాయి, పైకప్పు రాక్‌ల కాళ్ళు విరుగుతాయి. తేలికగా వెళ్ళిన బండి ఇదంతా భరిస్తుంది. పరిమితి అంచున నింపిన బండి భరించదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ చోటు బరువుకే ఇస్తున్నాను.

మూడు మాటలు నేర్చుకోండి. ‘జీవీఎం’ అంటే మనుషులు, సామాను, ఇంధనంతో కలిపి బండి చట్టబద్ధంగా తూగగల మొత్తం బరువు. ‘కెర్బ్ బరువు’ అంటే ట్యాంకు నిండా ఇంధనంతో ఉన్న ఖాళీ బండి బరువు. జీవీఎం నుంచి కెర్బ్ బరువు తీసేస్తే మిగిలేది ‘పేలోడ్’, అంటే మీ వంతు. కొన్ని ప్రకటనల్లో కెర్బ్ బదులు ‘టేర్ బరువు’ ఇస్తారు. అందులో లెక్కలోకి వచ్చేది 10 లీటర్ల ఇంధనమే కాబట్టి పేలోడ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాగితం మీద ఏ మాట ఉందో తప్పక చూడండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ డేర్ నుంచి క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్‌కు సింప్సన్ ఎడారి మీదుగా ప్రయాణం. సమాంతరంగా పరుచుకున్న 1,100కు పైగా ఇసుక దిబ్బలు దాటాలి. దారిని బట్టి 500 కిలోమీటర్లు దాటే ఈ భాగంలో ఎక్కడా ఇంధనం దొరకదు. 550 కిలోమీటర్లు అనుకుందాం. మామూలు రోడ్డు మీద వందకు 12 లీటర్లు తాగే డీజిల్ బండి మెత్తటి ఇసుకలో 20 తాగుతుందని లెక్కవేయండి. 110 లీటర్లు. దారి మళ్ళవచ్చు, వెనక్కి రావలసి రావచ్చు కాబట్టి పావు వంతుకు కాస్త ఎక్కువగా కలిపితే 140 లీటర్లు. మీ ట్యాంకు 80 లీటర్లదైతే అదనంగా మోయాల్సింది 60. లీటరు డీజిల్ సుమారు 0.84 కిలో, అంటే 50 కిలోలు.

నీళ్ళు: ఇద్దరికి, తలా రోజుకు 7 లీటర్లు, ఐదు రోజుల ప్రయాణం, ఇరుక్కుపోతే ఆగడానికి మరో మూడు రోజులు. మొత్తం 112 లీటర్లు, అంతే కిలోలు. ఈ అదనపు మూడు రోజుల్లో కోత పెట్టకండి. మిగతా దేనిలోనైనా బేరమాడవచ్చు, నీళ్ళలో కూడదు.

మిగతావి చకచకా చూద్దాం. ఇద్దరు మనుషులు 150, ముందు ఉక్కు బుల్‌బార్ (జంతువులు తగిలినా బండిని కాపాడే కమ్మీ) 65, రెండో బ్యాటరీ 30, ఆహారంతో ఫ్రిజ్ 45, వెనుక సొరుగుల అర 65, పైకప్పు రాక్, దాని మీద గుడారం కలిపి 90, రెండో స్పేర్ చక్రం 38, పనిముట్లూ ఇసుక నుంచి బయటపడే సామగ్రీ 55, బట్టలు, పరుపులు, వంట సామాను 70. ఇంధనం, నీళ్ళు కలిపితే మొత్తం 770 కిలోలు. ఇద్దరే మనుషులు, పిల్లలు లేరు, విలాసం ఏమీ లేదు. పెద్ద వ్యాగన్లలో (వెనుక దాకా కప్పు ఉన్న కుటుంబ బండ్లు) చాలావాటి పేలోడ్ 600 నుంచి 750 కిలోల మధ్యే ఉంటుంది. లక్ష డాలర్లు పెట్టి కొన్న బండి కూడా ఈ లెక్కలో తప్పిపోవచ్చు. జీవీఎం దాటితే అది చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది.

డబుల్ క్యాబ్ పికప్‌ల (రెండు వరుసల సీట్లు, వెనుక సామాను ట్రే ఉన్న బండ్లు) పేలోడ్ ఒక టన్ను దాకా ఉంటుంది కాబట్టి గొడవ తీరిందనుకోవద్దు. వాటిలో ట్రే ఎక్కువ భాగం వెనుక ఇరుసుకు వెనకే ఉంటుంది. చట్రం కూడా ఏతాం లాంటిదే: ఒక కొస దిగితే రెండోది లేస్తుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండికి వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనకాల 100 కిలోలు పెడితే వెనుక ఇరుసు మీద పడేది 133 కిలోలు. ఆ 33 ముందు ఇరుసు నుంచి లేచిపోతుంది. స్టీరింగ్ తేలికవుతుంది, ప్రతి గుంతకూ చట్రం మధ్యలో వంగుతుంది. వెనుక బరువైన ట్రైలర్ తగిలించి ముడతల రోడ్డు మీద వేగంగా వెళ్ళిన పికప్‌ల చట్రాలు క్యాబ్ వెనుక వంగిపోవడం ఆస్ట్రేలియాలో తరచూ కనిపించే నష్టం. బరువైనవి ఎప్పుడూ రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందగా ఉండాలి. ట్రైలర్ హుక్కు మీద పడే బరువు కూడా మీ పేలోడ్‌లోనే లెక్క.

బరువు తేలింది కాబట్టి రెండో ప్రశ్నకు వద్దాం. పశువుల స్టేషన్లు (అక్కడి భారీ పశువుల క్షేత్రాలు), గనులు, పోలీసు దళాలు ఏ బండ్లు వాడతాయో వాటి ఫిల్టర్లు, బెల్టులు, బేరింగులే మారుమూల వర్క్‌షాపుల్లో ఉంటాయి. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్ 1984లో వచ్చి ఇప్పటికీ అక్కడ రాజ్యమేలడానికి ముఖ్య కారణం ఇదే. ఆ బండి సుఖమైనదని నేను చెప్పను. 2007లో వీ8 డీజిల్ ఇంజిన్ పట్టడానికి ముందు భాగం వెడల్పు చేసినప్పుడు వెనుక ఇరుసును పాత కొలతలోనే వదిలేశారు. అందువల్ల వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవక ఇసుకలో తమ దారి తాము దున్నుకుంటాయి. అయినా ట్రూప్ క్యారియర్ రకంలో రెండు ట్యాంకులు కలిపి 180 లీటర్లు పడతాయన్నది మన సింప్సన్ లెక్కలో ఎంత పెద్ద మేలో చూడండి. ఇంధనం మోసే జెర్రీ క్యాన్ల అవసరమే ఉండదు.

మనవాళ్ళకు భారతదేశంలో ఫార్చునర్ అలవాటు. ఆస్ట్రేలియా మార్కెట్లోకి కూడా అది వచ్చింది, లో రేంజ్ గేర్లున్న (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) నిజమైన ఫోర్ వీల్ డ్రైవే. వాడిన బండి కొనేవారు మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలి. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ మధ్య ఆస్ట్రేలియాలో అమ్మిన డీజిల్ హైలక్స్, ప్రాడో, ఫార్చునర్‌లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్‌లోని లోపం ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. ఆ కాలపు బండి చూస్తే డీపీఎఫ్ మరమ్మతు రసీదులు అడగండి. చూపించలేకపోతే వదిలేయండి, వేరే బండి దొరుకుతుంది.

పెట్రోలా డీజిలా అన్నదానిపై నాకు సందేహం లేదు: డీజిల్. మధ్య ఆస్ట్రేలియాలోని అనేక ఆదివాసీ సముదాయాల బంకుల్లో మామూలు పెట్రోలు బదులు, పీల్చి మత్తుకు బానిసలు కాకుండా తయారుచేసిన, ఓపల్ అని పేరుపడిన ఇంధనం అమ్ముతారు. అది 91 ఆక్టేన్ బండ్లకు సరిపోతుంది. 95 లేదా 98 కావాలనే ఇంజిన్ అయితే ఇబ్బందే. డీజిల్ దాదాపు ప్రతి రోడ్‌హౌస్‌లోనూ (దారి పక్కన ఇంధనం, తిండి దొరికే చోటు) ఉంటుంది. పొగలోని కాలుష్యం తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం అవసరమైన డీజిల్ బండి అయితే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి.

లో రేంజ్ లేని ఆల్ వీల్ డ్రైవ్ కార్లను సింప్సన్ కోసం పరిశీలించవద్దు. చక్రం విషయంలో 16 లేదా 17 అంగుళాల రిమ్ చాలు. టైరు గోడ ఎత్తుగా ఉంటేనే గాలి తగ్గించినప్పుడు ఇసుక మీద తేలుతుంది, ఆ కొలతలే రోడ్‌హౌస్‌లో దొరుకుతాయి.

ఈ వారం అభ్యాసం. పై లెక్కను మీ దారితో, మీ కుటుంబంతో మళ్ళీ వేయండి. ఇప్పటికే బండి ఉంటే ట్యాంకు నింపి, సామాను సర్ది, అందరూ కూర్చుని వేబ్రిడ్జికి (బండ్లు తూచే చోటు) వెళ్ళండి. మూడు తూకాలు తీయించాలి: మొత్తం బండి, ముందు ఇరుసు, వెనుక ఇరుసు. ఒక్కొక్కదాన్నీ బండి పుస్తకంలోని పరిమితి పక్కన రాయండి. వెనుక ఇరుసు పరిమితికి మిగిలింది 100 కిలోల కంటే తక్కువైతే, టైర్ల గురించి చెప్పే నాలుగో పాఠంలోకి వెళ్ళకముందే ఏం దించాలో నిర్ణయించండి. పైకప్పు మీద ఉన్నవాటితో మొదలుపెట్టండి.