ఉపనిషత్తును సొంతంగా చదువుకుందాం – 4వ పాఠం: ఈ ‘మతం’ ఆ మతం కాదు

పోయిన పాఠంలో సంధులు విడదీశాం. ఈసారి విడదీసిన మాటలను అర్థం కుదిరే వరసలో పెట్టాలి. దాన్నే అన్వయం అంటారు. సామవేదానికి చెందిన కేనోపనిషత్తులో ఉన్నవి నాలుగు ఖండాలే. రెండో ఖండంలో, బ్రహ్మాన్ని (అన్నిటికీ మూలమైన పరతత్త్వాన్ని) గురించి చెప్పే మూడో మంత్రం ఇది:

యస్యామతం తస్య మతం మతం యస్య న వేద సః
అవిజ్ఞాతం విజానతాం విజ్ఞాతమవిజానతామ్

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తోనే రాయండి, చెరిపి రాసే పని ఉంటుంది.

మొదటి మాట దగ్గరే ఆగండి. ‘యస్యామతం’ అంటే యస్య + అమతం. బడిలో చదివిన సవర్ణదీర్ఘ సంధే. ఆ దీర్ఘంలో ఒక చిన్న ‘అ’ దాగి ఉంది. దాన్ని పట్టుకోకపోతే ‘తెలియనిది’ కాస్తా ‘తెలిసినది’ అయిపోతుంది, మంత్రం మొత్తం తలకిందులవుతుంది.

ఇక ‘మతం’. మనకు వెంటనే హిందూమతం, క్రైస్తవమతం గుర్తొస్తాయి. ఇక్కడ అది కాదు. ‘మన్’ అంటే తలచడం. మతం అంటే తలపుకు అందినది. సమ్మతం, అభిమతం, అనుమతి అన్నీ ఆ ఇంటివే. అలాగే ‘వేద’ ఇక్కడ గ్రంథం పేరు కాదు, క్రియ: ‘ఎరుగును’. న వేద సః, వాడు ఎరుగడు.

ఇప్పుడు వరస పెట్టండి. యస్య అమతం, తస్య మతం: తలపుకు అందలేదని ఎవరికి తెలుసో, వారికే అది తెలిసింది. యస్య మతం, సః న వేద: అందింది అనుకున్నవాడు ఎరుగడు. రెండో పంక్తి అదే మాటను ఇంకా గట్టిగా చెబుతుంది: తెలిసినవారికి అది తెలియనిది, తెలియనివారికి తెలిసినది.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ‘అయితే ఏమీ తెలియకపోవడమే జ్ఞానమా?’ అంటారు. అందుకే ఒక మంత్రాన్ని ఎప్పుడూ ఒంటరిగా చదవకూడదు. దీని ముందు మంత్రంలో శిష్యుడు ‘బాగా తెలుసని అనుకోను, తెలియదనీ కాదు’ అంటాడు. సోమరితనంతో వచ్చిన ‘తెలియదు’ కాదది. మొదటి ఖండం కారణం కూడా చెప్పింది: అక్కడికి కన్ను పోదు, మాట పోదు, మనసూ పోదు. బ్రహ్మం చెవికి చెవి, మనసుకు మనసు. మీ కంటితో ఈ అక్షరాలు చూస్తున్నారు కదా, అదే కంటితో ఆ కంటిని చూడగలరా? చూపు లేకనా? చూసేది అదే కాబట్టి. నాకు ఈ మంత్రం తెరుచుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. అంతకుముందు ఎన్నోసార్లు వల్లె వేసినా మాటల గారడీలాగే అనిపించింది.

వచ్చే పాఠంలోపు మొదటి ఖండంలో ‘యన్మనసా న మనుతే యేనాహుర్మనో మతమ్’ అనే పంక్తి విడదీయండి. ‘మనో మతమ్’ను మనః, మతమ్ అని వేరు చేశాక, అక్కడ తలపుకు అందుతున్నది ఏది, అందనిది ఏది అన్నది మార్జిన్‌లో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.