విడాకుల ఇంట్లో పిల్లల చేతికో బొమ్మల పుస్తకం

మా కోనసీమలో విడాకుల సంగతి పెద్దలు గుసగుసగానే మాట్లాడుకుంటారు. పిల్లలు మాత్రం తలుపు చాటున అంతా వింటూనే ఉంటారు. "నా వల్లేనా?" అని ఎవరినీ అడగలేరు పాపం. అలాంటి ఇంట్లో మంచి బొమ్మల పుస్తకం నిజంగా సాయం చేస్తుంది.

నాలుగైదేళ్ల వాళ్లకైతే క్లేర్ మసురెల్ రాసిన 'టూ హోమ్స్' (2001) ఇవ్వండి. అమ్మ ఇంట్లో ఒక గది, నాన్న ఇంట్లో ఒక గది, రెండుచోట్లా తన టూత్‌బ్రష్. కథలో తగాదా ఊసే ఉండదు, నాకు నచ్చింది అదే. బడికెళ్లే వయసుకి 'డైనోసార్స్ డివోర్స్' (1986) మేలు. పండగలు ఎక్కడ, సవతి తల్లో తండ్రో వస్తే ఎలా అన్నవి కూడా సూటిగా మాట్లాడుతుంది. కొన్ని పేజీలు బరువుగా ఉంటాయి, ముందు మీరు చదువుకోండి.

రెండూ ఇంగ్లీషువే. వాక్యం వాక్యం తెలుగు చేయక్కర్లేదు, బొమ్మ చూపిస్తూ మన మాటల్లో చెప్పండి. "భోగికి అమ్మమ్మగారింట్లో, కనుమకి మామ్మగారింట్లో" అంటే పిల్లలకి ఇట్టే అందుతుంది. చదివేటప్పుడు అటువైపు వాళ్ల మీద మాత్రం ఒక్క మాట తూలొద్దు, అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఇది ముందే చెప్పి ఉంచండి.

వీలైతే రెండిళ్లలోనూ ఒక్కో కాపీ పెట్టండి, చేతికందే చోట. ఒకే పేజీ పదేపదే తీస్తున్నారంటే, పక్కన కూర్చుని ఆ పేజీ గురించే అడగండి.