ప్రైవేటు బడిలో ఒకటో తరగతి ఉచిత సీటు: దరఖాస్తు ఎలా పెట్టాలి

ఎండలు ముదిరేసరికి మా వీధిలో ఏటా ఒకటే ప్రశ్న. "అన్నా, ప్రైవేటు స్కూల్లో ఫ్రీ సీటు ఇస్తారంట, నిజమేనా?" నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ గ్రాంటు తీసుకోని ప్రైవేటు బడులు, అంటే అన్‌ఎయిడెడ్ బడులు, ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీనవర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 12(1)(సి) సెక్షన్ చెప్పేది ఇదే. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, మన రాష్ట్రంలో ఈ సీట్ల భర్తీ ఊపందుకున్నది 2022-23 నుంచే. అందుకే చాలామంది దీన్ని ఏదో కొత్త పథకం అనుకుంటారు. పథకమైతే ప్రభుత్వం మారగానే పేరు మారుతుంది. ఇది పార్లమెంటు చేసిన చట్టం, సుప్రీంకోర్టు 2012లో సరేనన్న చట్టం.

నేను ఉద్యోగిని కాను, ఏజెంటును అంతకన్నా కాను. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందని చుట్టుపక్కలవాళ్లు వస్తారు, అప్లికేషన్ నింపి పెడతాను. అలా కొన్నేళ్లుగా చూసిందేమిటంటే, లాటరీలో సీటు రానివాళ్ల కంటే లాటరీ దాకా చేరనివాళ్లను చూస్తేనే ఎక్కువ బాధేస్తుంది. కాగితం మీద పేరు ఒకలా, కార్డులో ఇంకోలా ఉండి ఆగిపోయినవాళ్లు వీళ్లు. కాబట్టి ఇక్కడ కాగితాల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఎవరికి ఎంత అన్నది. ఆ 25 శాతంలో అనాథ పిల్లలకు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు, దివ్యాంగులకు కలిపి 5 శాతం. ఎస్సీలకు 10, ఎస్టీలకు 4. మిగిలిన 6 శాతం బీసీ, మైనారిటీ, ఓసీల్లోని పేదలకు. ఈ చివరి వర్గానికి ఆదాయ పరిమితి ఉంది: ఏడాదికి పల్లెల్లో లక్షా 20 వేలు, పట్టణాల్లో లక్షా 44 వేల రూపాయల లోపు. "మేం ఓసీలం, మాకు రాదులే" అని అడగకుండానే వెనక్కి వెళ్లిపోయేవాళ్లను చూశాను. పేదవాళ్లయితే అడగండి, మీకూ వాటా ఉంది.

ఇక వయసు. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టేట్ సిలబస్ బడికైతే జూన్ 1 నాటికి అయిదేళ్లు నిండాలి. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడికైతే మార్చి 31 నాటికే నిండాలి. అంటే ఏప్రిల్‌లోనో మేలోనో అయిదేళ్లు నిండే పిల్లలకు ఆ ఏడాది సీబీఎస్ఈ బడి కుదరదు, స్టేట్ సిలబస్ బడి కుదురుతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టినవాళ్లు అర్హులో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో రాస్తారు. ఆ హద్దు ఒక్కరోజు దాటినా కంప్యూటర్ ఒప్పుకోదు. దానితో వాదించి లాభం లేదు.

నోటిఫికేషన్‌కు ఒక నెలంటూ లేదు. ఒక ఏడాది ఫిబ్రవరిలో వస్తే ఇంకో ఏడాది ఏప్రిల్ ఆఖరులో వచ్చింది. గడువు మాత్రం రెండు మూడు వారాలకు మించదు. ఆ రెండు వారాల్లో ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగితే పని జరగదు కాబట్టి సంక్రాంతి పండగ అయిపోగానే కాగితాలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

కాగితాలు

కావలసినవి ఎక్కువేం కాదు. పిల్లల పుట్టిన తేదీకి రుజువు, చిరునామాకు రుజువు, ఏ కోటాలో అడుగుతున్నారో దానికి రుజువు. చిరునామాకు తల్లిదండ్రుల ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం లాంటి వాటిలో ఒకటి చాలు. దివ్యాంగులకు సదరం సర్టిఫికెట్, ఎస్సీ ఎస్టీ బీసీలకు కుల ధ్రువీకరణ పత్రం. పేదరికానికి రేషన్ కార్డు.

వినడానికి సులువే. నిరుడు మా పక్క సందులో ఉండే ఒకావిడ వచ్చింది. మిర్చి యార్డులో తొడిమలు తీసే పని. కొంగులో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి కాగితాలన్నీ నేల మీద పరిచింది. బర్త్ సర్టిఫికెట్ ఉంది, తేదీ ఉంది, అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి. పిల్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పుట్టిన రోజున ఆసుపత్రిలో రాయించారు, అప్పటికి పేరు పెట్టలేదు, తర్వాత ఎక్కించాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. అంగన్‌వాడీ రిజిస్టర్లో ఆ పిల్ల పేరు "చిట్టి". ఆధార్‌లో మూడు ముక్కల పెద్ద పేరు, అది కూడా ఇంటిపేరు చివర పెట్టి. రేషన్ కార్డు చూస్తే అత్తగారి పేరున ఉంది, అందులో పిల్ల ఊసే లేదు. "నాలుగూ నా పిల్లవే గదన్నా" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. కానీ కంప్యూటర్‌కు వాళ్లు నలుగురు వేర్వేరు పిల్లలు.

ఇలాంటి ఇంట్లో ఏ పని ముందు చేయాలన్నదే అసలు సంగతి. మొదట బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించాలి. పల్లెలో అయితే పంచాయతీ, పట్టణంలో అయితే మున్సిపాలిటీ. తర్వాత దాన్ని పట్టుకుని ఆధార్ సరిచేయించాలి. చిన్నప్పుడు తీసిన నీలం రంగు ఆధార్‌కు అయిదేళ్లు నిండగానే వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి. ఆ తర్వాతే రేషన్ కార్డులో పేరు చేర్చడం. వరస తిరగేస్తే రెండుసార్లు తిరగాలి, రెండు రోజుల కూలి పోతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉందేమో కూడా చూసుకోండి. తేదీ తెలియనప్పుడు అలా వేసేస్తారు, తీరా అయిదేళ్ల లెక్క దగ్గర అదే కొంప ముంచుతుంది.

ఇంకోటి, సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారని వాళ్లు రాసుకున్న లెక్క. దరఖాస్తులో మీరు రాసినదాన్ని గ్రామ, వార్డు సచివాలయాల డేటాతో సరిచూసే పద్ధతి ఉంది. పెళ్లయి వేరు కాపురం పెట్టినా మ్యాపింగ్‌లో ఇంకా మామగారింట్లోనే ఉంటే, మామగారి ట్రాక్టరో మరిది ఉద్యోగమో మీ లెక్కలోకి వస్తుంది. ఒకసారి సచివాలయానికి వెళ్లి "మా ఇంట్లో ఎవరెవరు ఉన్నట్టు చూపిస్తోంది?" అని అడిగితే అయిదు నిమిషాల్లో చెప్తారు.

ఇంటి దగ్గరే కాన్పై, బర్త్ సర్టిఫికెట్ అసలే లేని పిల్లలూ ఉంటారు. ఏజెన్సీలో, వలస కూలీల్లో ఇది మామూలే. ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రిజిస్టర్ నకలు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రుల లిఖితపూర్వక ప్రకటన కూడా వయసుకు రుజువుగా నియమాలు ఒప్పుకుంటాయి. వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోవడం మానకూడదని చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. అది గుర్తుంటే కౌంటర్ దగ్గర గొంతు కాస్త గట్టిగా వస్తుంది.

దరఖాస్తు, లాటరీ

దరఖాస్తు పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైటులో, సీఎస్ఈ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో. ఫోన్లో సొంతంగా నింపొచ్చు. చేతకాకపోతే సచివాలయం, మండల విద్యాశాఖాధికారి ఆఫీసు, మీసేవ, నెట్ సెంటర్, ఎక్కడైనా సరే. నెట్ సెంటర్‌లో నింపిస్తే ఒక్క జాగ్రత్త: ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. ఓటీపీ గొడవ ఎందుకని సెంటర్ అబ్బాయి తన నంబరు కొట్టేస్తాడు. సీటు వచ్చిన మెసేజ్ అతని ఫోన్‌కు పోతుంది, అతనేమో రోజుకు వంద మెసేజ్‌లు చూసే మనిషి. రీచార్జ్ అయిపోయి మూలన పడేసిన సిమ్ నంబరూ ఇవ్వొద్దు.

సబ్మిట్ కొట్టే ముందు పిల్ల పేరు, పుట్టిన తేదీ, కోటా, చిరునామా ఒకసారి పైకి చదివించుకోండి. అప్లికేషన్ నంబరున్న కాగితం ప్రింటు తీసుకోండి, ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ. ముందు బడికి ఒక కిలోమీటరు లోపు ఉన్నవాళ్లు, తర్వాత మూడు కిలోమీటర్ల దాకా. ఊరవతల బస్సులేసుకుని తిప్పే పెద్ద బడి మీద ఆశ పెట్టుకుని కూర్చునేవాళ్లు ఈ దూరం లెక్క ముందే చూసుకోవాలి. సిఫార్సులు పనిచేయవు. "సీటు ఇప్పిస్తా, అయిదు వేలు ఇవ్వు" అనేవాడు ఎవరైనా తగిలితే, లాటరీలో పేరొస్తే తనే ఇప్పించానంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు. మైనారిటీ యాజమాన్యంలోని అన్‌ఎయిడెడ్ బడులకు సుప్రీంకోర్టు 2014 తీర్పు తర్వాత ఈ చట్టం వర్తించడం లేదు కాబట్టి అవి లిస్టులో కనిపించకపోతే కంగారు పడొద్దు.

సీటు వచ్చాక

సగం కథ ఇక్కడే మొదలవుతుంది. గడువు లోపల అలాట్‌మెంట్ కాగితం, ఒరిజినల్స్ తీసుకుని బడికి వెళ్లాలి. బడివాళ్లు వాళ్ల లాగిన్‌లో అడ్మిషన్ ఖాయం చేస్తేనే సీటు మీది అయినట్టు. "సరే, జూన్‌లో రండి" అని నోటిమాటతో పంపేస్తే కదలకండి. కన్ఫర్మ్ అయినట్టు చూపించమనండి.

పిల్లకు పరీక్ష పెడతాం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేస్తాం అనడానికి వీల్లేదు. 13వ సెక్షన్ ప్రకారం అలా వడపోస్తే మొదటి తప్పుకు 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ అడిగితే అడిగినదానికి పది రెట్ల దాకా. వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టడం, సాయంత్రం విడిగా క్లాసు పెట్టడం, పుస్తకాల్లో, యూనిఫాంలో తేడా చూపడం కూడా నియమాలకు విరుద్ధమే.

ఫీజు దగ్గరే ఎక్కువ పేచీ. చట్టం ప్రకారం ఆ ఖర్చు ప్రభుత్వం బడికి తిరిగి ఇస్తుంది: ప్రభుత్వ బడిలో ఒక పిల్లవాడి మీద పెట్టే ఖర్చు, ఆ బడి ఫీజు, రెంటిలో ఏది తక్కువైతే అది. అమ్మఒడి రోజుల్లో మాత్రం పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని ఫీజు నిర్ణయించి, తల్లి ఖాతాలో పడిన డబ్బులోంచి కట్టమన్నారు. ఆ డబ్బు అప్పటికే కిరాణా బాకీకో ఆసుపత్రికో పోయి ఉంటుందని పైనున్నవాళ్లకు తోచలేదు. బడివాళ్లు పిల్లను బయట నిలబెట్టడం, తల్లి ఏడుస్తూ మా గుమ్మంలోకి రావడం, ఇదంతా నేను చూశాను. అందుకే చేర్చే రోజే అడగండి: ఈ ఏడాది ఫీజు ఎవరు కడతారు, పుస్తకాలకు, యూనిఫాంకు ఎంత, బస్సుకు ఎంత. నోటితో చెప్పింది కాదు, కాగితం మీద రాసివ్వమనండి. ఉచితం ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదికి వచ్చేసరికి మామూలు ఫీజు పడుతుంది, ఆ సంగతి ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి.

బడివాళ్లు చేర్చుకోకపోతే ముందు మండల విద్యాశాఖాధికారి, అక్కడ తేలకపోతే జిల్లా విద్యాశాఖాధికారి. 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకుని, పిల్ల బర్త్ సర్టిఫికెట్ పెట్టిన కవరులోనే దాచండి.