గెడ్డ అవతల రేకుల గది: వానలకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చింతపల్లి, పాడేరు కొండల్లో కాఫీ, మిరియాల తోటలున్న కుటుంబాలలో చాలామందికి తోట ఊరికి ఆమడ దూరంలో, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి గంటో రెండు గంటలో నడిచి, గెడ్డ, అంటే కొండవాగు, దాటితే గాని చేరలేని చోట ఉంటుంది. కాఫీ పండు కోసే రోజులలో రాత్రి తలదాచుకోవడానికి అక్కడొక చిన్న గది ఉంటే బాగుండుననిపించడం సహజమే. మా నాన్నగారి తోటలో మేము అలాంటిదే ఒకటి, నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవుతో కట్టుకున్నాం. పనితెలిసిన తాపీ మేస్త్రికి అది పెద్ద పనేమీ కాదు. ప్రమాదమంతా దూరంలోనే ఉంది. ఊళ్ళో అయిదు కుట్లతో తీరిపోయే గాయం గెడ్డ అవతల ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ప్రతి నిర్ణయమూ గెడ్డ పొంగి దారి మూసుకుపోయిన రోజును మనసులో పెట్టుకుని తీసుకోవాలి.

ముందుగా కాగితాల సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా ప్రకటించిన మా కొండల వంటి చోట్ల, 1/70 అనే భూబదిలీ నిబంధన ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకున్నా, మరొకరి పేరు మీద పెట్టుకున్నా అంతే. చల్లని కొండ మీద గది కావాలని మైదానం నుంచి వచ్చి అడిగే స్నేహితులకు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పేయడం ఇద్దరికీ మేలు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమి వారసులకు చెందుతుంది గాని అమ్మడానికి వీలుండదు. దూలాలకూ వాసాలకూ అడవి చెట్టును నరకబోయే ముందు అటవీ శాఖ వారిని అడగండి.

చోటు ఎంచుకునేటప్పుడు తొందరపడకూడదు. గెడ్డ ఒడ్డు ఎండాకాలంలో ఎంతో హాయిగా కనిపిస్తుంది. కాని ఒడ్డున ఉన్న పొదలను కాస్త పరికించి చూస్తే, మనిషి నడుము ఎత్తున కొమ్మలకు చిక్కుకుని ఎండిపోయిన గడ్డీ పుల్లలూ కనిపిస్తాయి. నిరుడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గుర్తు అదే. వాలులో మొదళ్ళు విల్లులా వంగి పైకి లేచిన చెట్లున్న చోటా, నేల నెర్రెలు విచ్చిన చోటా, ఎండాకాలంలో కూడా ఊట చెమరుస్తున్న చోటా మట్టి మెల్లగా కిందికి జారుతోందని అనుమానించాలి. చదును కోసం కొండవాలును నిలువుగా కోసి, కోసిన మట్టినే ముందుకు పోసి, దాని మీద పునాది వేయడం మా వైపు అందరూ చేసే తప్పు. కోసిన గోడ వానకు విరిగి గది మీద పడుతుంది, పోసిన మట్టి గదితో సహా కిందికి దిగుతుంది. దానికి బదులు వాలును ఉన్నదున్నట్టు ఉంచి, ఎత్తు తక్కువైన వైపు స్తంభాలు పొడవుగా లేపి, గదికి పైవైపున నీటిని పక్కకు మళ్ళించే కాలువ తవ్వడం మంచిది. శిఖరం మీద కట్టకండి, అక్కడ పిడుగుల భయం. పెద్ద సిల్వర్ ఓక్ చెట్టు కిందా వద్దు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ఆ చెట్లు కాఫీ తోటలలో ఎలా కూలాయో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. చెట్టు ఎంత పొడవుందో కనీసం అంత దూరం ఉండాలి.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ నెల మొదటి సగంలో మన కొండలకు చేరతాయి గనుక, పైకప్పు మే నెలలో పూర్తవుతుందిలే అని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ లెక్క సరికాదు. మే నెల మధ్యాహ్నాలలో ఈదురుగాలులు, ఉరుములు, పిడుగులు ఉంటాయి. రేకు పని ఏప్రిల్ లోపు ముగించాలి, అంతకు మించితే ఉదయం పూట మాత్రమే చేయాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పిడుగు మీకు అందేంత దగ్గరలో ఉన్నట్టే. అప్పుడు కప్పు దిగాలి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం పరుగెత్తకూడదు. మరో చిక్కు నీటిది. యాభై కిలోల సిమెంటు బస్తాతో కాంక్రీటు కలపడానికి ఇరవై అయిదు లీటర్ల దాకా నీరు కావాలి, ఆపైన కనీసం వారం రోజులు తడపాలి, కాని ఏప్రిల్ నాటికి ఊట సన్నబడిపోతుంది. అందుచేత పునాది జనవరిలోనే వేసుకోవాలి. సిమెంటు ఏ వారానికి ఎంత అవసరమో అంతే మోయించండి. ఒకసారే తెచ్చి టార్పాలిన్ కప్పి ఉంచిన మా ఏడు బస్తాలు ఒక్క అకాల వానకు గడ్డకట్టి, ఇప్పుడు గది ముందు మెట్లుగా పనికొస్తున్నాయి. యాభై కిలోలను ఒకే మోపుగా జారుడు దారిలో ఎత్తుకోమనడం కూలివాళ్ళ నడుముతో ఆడుకోవడమే. సగం చేసి మోయించాలి.

రేకుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పన్నెండు అడుగుల రేకును ఇద్దరు మోసుకొస్తుండగా మలుపు దగ్గర గాలి దాన్ని తెరచాపలా ఎత్తింది. వెనక ఉన్న మా చిన్నాన్న దాన్ని వదలకుండా పట్టుకున్నాడు. రేకు అంచు ముంజేతిని తెల్లగా చీల్చింది, ఒక్క క్షణం తర్వాతే నెత్తురు కనిపించింది. శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని రోడ్డు చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత మేము పెట్టుకున్న నియమాలు ఇవి: రేకులు తెల్లవారుజామున గాలి లేనప్పుడే మోయాలి, మందపాటి చేతి తొడుగులుండాలి, గాలి లాగితే రేకును వదిలేయాలి, ధనుర్వాతం టీకా పని మొదలుకాక ముందే వేయించుకోవాలి, కొండ మీద ఎవరూ ఒంటరిగా పని చేయకూడదు. బిగించేటప్పుడు బోల్టు రేకు గాడిలో కాక గట్టు మీద పడాలి, లేకపోతే అక్కడి నుంచే కారుతుంది. వాసాలను దూలానికీ, దూలాన్ని స్తంభానికీ, స్తంభాన్ని పునాదికీ ఇనుప పట్టీలతో కలపాలి. మేకులు బరువును మోస్తాయి గాని, గాలి కప్పును కింది నుంచి పైకి లాగినప్పుడు ఊడివస్తాయి.

సోలార్ విషయంలో ఆశ తగ్గించుకోవడమే జాగ్రత్త. పన్నెండు వోల్టుల, నూరు ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1200 వాట్ అవర్లుంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే అందులో సగం మించి వాడకూడదు. అయిదు వాట్ల బల్బులు నాలుగు, రోజుకు అయిదేసి గంటలు వెలిగితే నూరు వాట్ అవర్లు, ఫోన్లకు మరో ముప్పై, అంటే ముసురు పట్టినా నాలుగు రోజులు నెట్టుకురావచ్చు. ముప్పై వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే రెండో రోజుకే చీకటి. ఈ చలిలో ఫ్యాను ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జవుతున్నప్పుడు మండే వాయువు వెలువడుతుంది గనుక దాన్ని పడకగదిలో గాని, పొయ్యి దగ్గర గాని పెట్టకూడదు. ఏ రకం బ్యాటరీకైనా దాని పక్కనే ఫ్యూజు ఉండాలి. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ తీగలో కరెంటు ఉంటుందని మరవక, దుప్పటి కప్పిన తర్వాతే కలపండి.

మా గది కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే నష్టం పోగా నూట అరవై లీటర్ల దాకా వస్తుంది. తొలకరి నీటిని వదిలేయాలి, మిగతాది వడకట్టి కాచి తాగాలి. మరుగుదొడ్డి గుంత ఊటకు దిగువన, పదిహేను మీటర్లకు తగ్గకుండా ఉండాలి.

డిసెంబరు, జనవరి రాత్రులలో లంబసింగి చుట్టుపక్కల చలి ఎముకలు కొరుకుతుంది. అప్పుడు తలుపులు బిగించుకుని కుంపటి లోపల పెట్టుకోవడం కంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, పొగ కనిపించదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టండి, చూరు దగ్గర గాలికి ఖాళీ వదలండి. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద నిద్రపోతున్నవారిని కరుస్తుంది, గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకుంటే పాము, మలేరియా దోమ రెండింటి నుంచీ కాపు దొరుకుతుంది. పేర్చిన రేకులనూ ఇటుకలనూ చేతితో లేపే ముందు కర్రతో కదపండి. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకెళ్ళాలి. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో వానలకు ముందే కనుక్కోండి. 108 వాహనం రోడ్డు దాకానే వస్తుంది, కాబట్టి ఫోను సిగ్నలు అందే బండరాయి ఏదో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. మా గది చూరు కింద ఒక మందపాటి వెదురు బొంగు, గట్టి దుప్పటి, రెండు మోకులు డోలీ కోసమే వేలాడుతుంటాయి. వాటిని వేరే పనికి తీయరాదని మొదటి వాన పడకముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాం.