పెన్న ఒడ్డున రంగనాథుడి గాలిగోపురం: మార్బ్లింగ్ బొమ్మ వేయడం ఎలా?

నెల్లూరు రంగనాయకులపేట గాలిగోపురం బొమ్మలు చాలానే చూస్తుంటాం. గోపురం మీద శిల్పాలు ఒక్కొక్కటీ ఓపిగ్గా గీసి, పక్కనున్న పెన్నకి మాత్రం ఓ నీలం పూత పూసి వదిలేస్తారు. మార్బ్లింగ్‌లో అంటే నీళ్ల మీద రంగు తేల్చి కాగితానికి అంటించే పద్ధతిలో, దాన్ని తిరగేద్దాం, నదినీ ఆకాశాన్నీ నీళ్ల మీద తేలే రంగుకే వదిలేసి, గోపురం ఒక్కటీ మన చేత్తో వేద్దాం.

ముందు చోటు చూసుకోండి. కోవూరు వైపు ఇసుకలో నిలబడి చూస్తే గుడి అవతలి ఒడ్డున, దక్షిణాన ఉంటుంది. తూర్పు మీ ఎడమ చేతికి వస్తుంది కాబట్టి పొద్దుటి వెలుగు ఎడమ నుంచి పడాలి, పెన్న పారేదీ సముద్రం వైపే, అంటే ఎడమకే.

మందపాటి వాటర్‌కలర్ కాగితం మీద గోపురం ఆకారంలో మాస్కింగ్ టేప్ అంటించండి. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, చివర కలశాలు, అంత చాలు.

కాగితం కంటే పెద్ద ట్రేలో నీళ్లు పోయండి. ఆయిల్ పెయింట్‌ని టర్పెంటైన్‌తో పాలంత పల్చగా కలిపి ఓ చుక్క వేసి చూడండి. మునిగితే ఇంకాస్త టర్పెంటైన్ పోయాలి, మరీ పాకి వెలిసిపోతే రంగు కలపాలి. వేసవి పెన్న కావాలంటే నీలం తగ్గించి ఇసుక రంగు, తెలుపు ఎక్కువ వేయండి, నిజానికి అప్పుడు నదిలో మనకు కనిపించేది ఎక్కువగా ఇసుకే కదా!

అసలు తిరకాసు ఇక్కడుంది. కాగితాన్ని పుస్తకం పేజీలా పక్కకి తిప్పి బోర్లా వేస్తాం, కాబట్టి కుడి ఎడమలు మారిపోతాయి. పొద్దుటి పసుపు ట్రేలో కుడివైపు వేస్తేనే బొమ్మలో ఎడమకి వస్తుంది. ట్రే పై సగంలో, ఆకాశానికి, రంగుల్ని వదులుగా తిప్పండి. కింది సగంలో చీపురుపుల్లతో కుడివైపుకి అడ్డంగా లాగండి, నాలుగైదు గీతలకే ఆపేయాలి, ఇంకా కలిపితే అంతా బురద రంగే.

కాగితాన్ని ఒక అంచు నుంచి మెల్లగా దించండి. గాలి చిక్కితే అక్కడ తెల్ల మచ్చ పడుతుంది, పడితే టెన్షన్ వద్దు, ఇసుక తిన్నె అనుకోవచ్చు. వెంటనే పైకెత్తి ఆరబెట్టండి. నెల్లూరు ఎండల్లో ఫ్యాన్ లేకుండా కష్టమే గానీ ఈ కాసేపూ ఆపండి, గాలికి రంగు ఓ మూలకి కొట్టుకుపోతుంది. కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి, దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు.

పూర్తిగా ఆరాక, తొందరపడకుండా, టేప్ తీసి ఆ తెల్లని చోట ఆయిల్ పెయింట్‌తోనే గోపురం నింపండి. ఆయిల్ మీదికి పాకిన అక్రిలిక్ తర్వాత పెచ్చులూడుతుంది. ఎడమ వైపు వెలుగు, కుడి వైపు నీడ పెట్టి, అంతస్తుల్ని అడ్డగీతలతో సూచిస్తే సరి. ప్రతి శిల్పమూ గీయాలని కూర్చోకండి, వెనక అంత వదులుగా పారే ఆకాశం పక్కన అది అతికించినట్టుంటుంది.

ట్రేలో మిగిలిన రంగుని న్యూస్‌పేపర్ ముక్కలతో తీసేయండి, సింకులో పోయకండి. ఆ కాగితాల్నీ, తుడిచిన గుడ్డల్నీ ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు, ఆరుబయట పరిచి ఆరాకే పారేయండి.